విల్లీ విల్లీ ఆస్ట్రేలియా తుపానేనా? హరికేన్, టైఫూన్, సైక్లోన్ బిట్టు మీద డౌటు

గద్వాల_గ్రూప్స్ | గద్వాల | రాత్రి 9:12
అందరికీ నమస్తే. గ్రూప్ 2కి చదువుతున్నాను. మొన్న రాసిన మాక్ టెస్టులో జతపరచండి ఒకటి వచ్చింది. ఒక పక్క హరికేన్, టైఫూన్, సైక్లోన్, విల్లీ విల్లీ. ఇంకో పక్క అట్లాంటిక్, పశ్చిమ పసిఫిక్, హిందూ మహాసముద్రం, ఆస్ట్రేలియా. కీ చూసుకుంటే నాలుగూ కరెక్టే. కానీ మా రూమ్మేట్ వాళ్లన్న పెర్త్‌లో ఉంటాడు. "విల్లీ విల్లీ అంటే తుపాను కాదు, ఇక్కడ అలా అంటే నవ్వుతారు" అన్నాడట. పుస్తకం నమ్మాలా, ఆయన్ని నమ్మాలా? అసలు వీటిలో ఏది పెద్దది, ఏది చిన్నది?

పాలమూరు_పోరడు | మహబూబ్‌నగర్ | 9:20
ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి జాగ్రఫీలోనే ఉంది తమ్ముడూ, విల్లీ విల్లీ అంటే పశ్చిమ ఆస్ట్రేలియా అని. కళ్లు మూసుకుని పెట్టెయ్. పెర్త్ అన్న వచ్చి నీ పేపర్ దిద్దడు.

గద్వాల_గ్రూప్స్ | 9:23
తమ్ముడు కాదన్నా, చెల్లెల్ని. పెట్టడం పెడతా, తెలుసుకుందామని అడిగాను.

రిటైర్డ్_సోషల్_సార్ | వనపర్తి | 9:58
అడిగింది మంచి ప్రశ్న తల్లీ. ముందు సైజు సంగతి. హరికేన్, టైఫూన్, సైక్లోన్ మూడూ ఒకే రకం గాలివాన. సముద్రం పైపొర నీరు సుమారు 26.5 డిగ్రీలు దాటి వేడెక్కిన చోట ఆవిరి పైకి లేస్తుంది. అది మేఘమయ్యేటప్పుడు వేడి వదులుతుంది. ఆ వేడే ఇంజన్. మన ఉత్తరార్ధగోళంలో గడియారానికి ఎదురుగా తిరుగుతుంది, దక్షిణార్ధంలో గడియారం ముల్లు తిరిగినట్టే. పుట్టిన చోటును బట్టే పేరు. అట్లాంటిక్‌లో, ఉత్తర పసిఫిక్‌లో అంతర్జాతీయ దినరేఖకు తూర్పున అయితే హరికేన్. ఆ రేఖకు పడమర, జపాన్, చైనా, ఫిలిప్పీన్స్ వైపు టైఫూన్. బంగాళాఖాతం, అరేబియా సముద్రం, దక్షిణ హిందూ మహాసముద్రం, ఆస్ట్రేలియా, ఫిజీ చుట్టుపక్కల అంతా సైక్లోనే.

గీత దాటితే పేరు మారిపోతుంది కూడా. 1994లో జాన్ అనే హరికేన్ దినరేఖ దాటి పడమటికి పోయి టైఫూన్ అయింది. మళ్లీ వెనక్కి వచ్చి హరికేన్ అయింది. నెల రోజుల పాటు నీళ్ల మీదే తిరిగింది. పరీక్షలో పెట్టాల్సింది ఇలాంటి బిట్టు. ఎవరూ పెట్టరు.

సైక్లోన్ అన్న మాట పుట్టింది మాత్రం మన దేశంలోనే, కలకత్తాలో. హెన్రీ పిడింగ్టన్ అని ఓడ కెప్టెన్‌గా చేసి అక్కడ స్థిరపడ్డ ఇంగ్లిషాయన. తుపానులో చిక్కి బయటపడ్డ ఓడల లాగ్ పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు ఏ దిక్కు నుంచి గాలి కొట్టిందో పటం మీద గుర్తులు పెట్టేవాడు. గాలి చుట్టలు చుట్టుకుని తిరుగుతోందని తేలింది. పాము చుట్టను చెప్పే గ్రీకు మాట తీసుకుని 1848 నాటి తన పుస్తకంలో ఈ పేరు పెట్టాడు. 1789లో మన కోరంగి రేవును ముంచిన ఉప్పెన గురించి కూడా ఆయన రాశాడు. బెంగాల్‌లో మాట్లా నది ఒడ్డున పోర్ట్ కానింగ్ అనే రేవు కడుతుంటే, ఉప్పెన వస్తే కొట్టుకుపోతుంది, కట్టకండి అని 1853లో గవర్నర్ జనరల్‌కు ఉత్తరం రాశాడు. వినలేదు. 1867లో ఆ రేవు అలాగే పోయింది. చూడటానికి అప్పటికి ఆయన లేడు.

పెర్త్_పెబ్బేరు | పశ్చిమ ఆస్ట్రేలియా | 10:31
ఆ రూమ్మేట్ వాళ్లన్న నేను కాదు గానీ ఆయన చెప్పింది నిజం. ఇక్కడ విల్లీ విల్లీ అంటే దుమ్ము సుడిగాలి. ఎండకు మాడిన ఖాళీ నేల మీద గిరగిరా తిరుగుతూ లేస్తుంది, కాసేపు నడుస్తుంది, పడిపోతుంది. మన పెబ్బేరు చెలకల్లో ఎండాకాలం ఎండుటాకులను, ప్లాస్టిక్ కవర్లను పైకి లేపుకుంటూ పోయేదే. ఇక్కడి వాతావరణ శాఖ బులెటిన్‌లో ఎప్పుడూ 'ట్రాపికల్ సైక్లోన్' అనే ఉంటుంది. వందేళ్ల కిందట వాయవ్య తీరంలో తుపానునూ విల్లీ విల్లీ అనేవాళ్లు. ఆ పాత మాటే మన పుస్తకాల్లో అలా ఉండిపోయినట్టుంది.

ఇంకోటి. తుపానుకు మనుషుల పేర్లు పెట్టే ఆట మొదలైంది కూడా ఇక్కడే, క్వీన్స్‌లాండ్‌లో. క్లెమెంట్ రాగ్ అని వాతావరణ అధికారి. 19వ శతాబ్దం చివర్లో తనకు గిట్టని రాజకీయ నాయకుల పేర్లు తుపాన్లకు పెట్టేవాడు. ఫలానా మంత్రిగారు దిక్కూ దివాణం లేకుండా సముద్రంలో తిరుగుతున్నారు అని రాసుకోవచ్చు కదా.

పాలమూరు_పోరడు | 10:36
మన దగ్గర ఆ పద్ధతి పెడితే తుపాను కంటే ముందు ధర్నాలు వస్తాయి.

హ్యూస్టన్_హాలియా | టెక్సాస్ | 11:47
ఇక్కడ పగలు, ఆఫీసులో ఉన్నా, ఇప్పుడే చూశాను. ఇక్కడి అనుభవం ఒకటి. హరికేన్‌కు ఒకటి నుంచి ఐదు వరకు కేటగిరీ ఇస్తారు. గంటకు 119 కి.మీ. దాటితే ఒకటి, 252 దాటితే ఐదు. అది గాలి లెక్క మాత్రమే. 2024 జులైలో బెరిల్ వచ్చింది. కేటగిరీ ఒకటే కదా అని మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ పట్టించుకోలేదు. చెట్లు తీగల మీద పడి ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. జులై ఎండ, ఏసీ లేదు. ఇండియా నుంచి అమ్మ పంపిన గోంగూర పచ్చడి తప్ప ఫ్రిజ్‌లోదంతా చెత్తబుట్టలోకే.

2017లో వచ్చిన హార్వీ ఇంకా విచిత్రం. తీరం తాకినప్పుడు కేటగిరీ నాలుగు. హ్యూస్టన్ మునిగే నాటికి అసలు హరికేనే కాదు, బలం తగ్గి ట్రాపికల్ స్టార్మ్ అయింది. కదలకుండా కూర్చుని రోజుల తరబడి కురిసింది. టెక్సాస్‌లో ఒకచోట 1,500 మి.మీ. దాటింది. మన నల్గొండలో రెండేళ్ల వాన అనుకోండి.

హరికేన్ అన్న మాట కరీబియన్ దీవుల్లోని తాయినో జాతి వాళ్లది. స్పానిష్ వాళ్ల నోట 'ఉరకాన్' అయి ఇంగ్లిష్‌లోకి వచ్చింది.

గద్వాల_గ్రూప్స్ | 11:52
అన్నా ఆగండి! మా మెటీరియల్‌లో "తాయినో: హైతీలో తుపానుకు స్థానిక పేరు" అని ఉంది!

హ్యూస్టన్_హాలియా | 11:58
మనుషుల పేరు తీసుకెళ్లి గాలికి పెట్టారు చెల్లీ. ఏ సెంటర్ మెటీరియలో చెప్పకు, ఇక్కడ గొడవలొద్దు.

దవావో_మెడికో | ఫిలిప్పీన్స్ (ఊరు దేవరకొండ) | ఉదయం 6:40
ఇక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నా. ఫిలిప్పీన్స్‌లో టైఫూన్ అని ఇంగ్లిష్‌లో అంటారు గానీ ఇంట్లో, మార్కెట్లో అనేది 'బగ్యో'. బగియో అనే కొండ ఊరు వేరు, ఆ పేరుకూ దీనికీ సంబంధం లేదు. కాకపోతే 1911 జులైలో ఆ ఊళ్లోనే బగ్యో వచ్చి ఒక్క రోజులో 1,100 మి.మీ. పైగా కురిసింది.

ఇక్కడ ఒక్కో తుపానుకు రెండు పేర్లు. అంతర్జాతీయ లిస్టులో ఒకటి, ఫిలిప్పీన్స్ హద్దులోకి రాగానే ఇక్కడి వాతావరణ సంస్థ పగాసా పెట్టే సొంత పేరు ఇంకొకటి. ప్రపంచానికి హైయాన్, ఇక్కడివాళ్లకు యోలాండా. 2013 నవంబర్‌లో 6,000 మందికి పైగా చనిపోయారు. ఆ పేరెత్తితే మా లాండ్‌లేడీ మాట మార్చేస్తుంది, ఆమె చుట్టాలది తక్లోబాన్.

అప్పుడు జరిగింది ఒకటి వింటే బాధేస్తుంది. టీవీల్లో "స్టార్మ్ సర్జ్ వస్తుంది" అని ఇంగ్లిష్‌లో ముందే చెప్పారు. చాలామందికి అదేంటో అర్థం కాలేదు. పెద్ద వాన, పెద్ద గాలి, అంతే కదా అని ఇళ్లలోనే ఉన్నారు. సునామీ అని ఉంటే పరుగెత్తేవాళ్లం అని బతికినవాళ్లు తర్వాత చెప్పారు. అదృష్టం, మనకు ఉప్పెన అన్న మాట ఉంది. 1977 దివిసీమ తర్వాత సముద్రం చూడనివాళ్లకు కూడా ఆ మాట చెబితే చాలు.

మా అమ్మ రోజూ టెన్షన్‌తో ఫోన్ చేస్తుంది గానీ దవావోకు బగ్యోలు తక్కువ. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి గాలి తిరగడానికి ఊపు చాలదు. అసలు రావని కాదు, 2012లో పాబ్లో మా పక్క ప్రావిన్స్‌నే కొట్టింది.

జపాన్_రిటర్న్ | మిర్యాలగూడ | 7:15
జపాన్‌లో వార్తల్లో పేర్లు వాడరు, నంబర్లే. 2019లో ప్రపంచమంతా హగిబిస్ అంటే వాళ్లు 19వ నంబర్ తుపాను అన్నారు. లెక్క సుఖంగా ఉంటుంది.

ఉర్దూ_మీడియం | నల్గొండ | 7:50
తుపాను, తుఫాను అని పేపర్లవాళ్లు కొట్టుకుంటారు. మన దగ్గర ముసలోళ్లు తుఫాన్ అనే అంటారు. అరబ్బీ, ఫారసీ దాటి ఉర్దూలో నుంచి వచ్చింది. టైఫూన్‌కు కూడా ఈ అరబ్బీ మాటతో చుట్టరికం ఉంది, చైనా 'పెద్ద గాలి'తో కూడా ఉంది. హుద్‌హుద్ వచ్చినప్పుడు నన్ను అడిగారు, అదేం పేరు అని. నెత్తి మీద కుచ్చు ఉండే పిట్ట భాయ్. ఖురాన్‌లో సులేమాన్ నబీకి కబురు తెచ్చిన పిట్ట. ఒమన్ వాళ్లు ఇచ్చిన పేరు.

వేదిక_నిర్వాహకుడు | 8:05
ఫా నా, పా నా అన్న దాని మీద వచ్చిన పదకొండు పోస్టులు, కోచింగ్ ప్రకటనలు రెండు తీసేశాను. అసలు విషయం మీద రాయండి.

మస్కట్_మక్తల్ | ఒమన్ | 9:30
పిట్ట పేరు మా ఒమన్ ఇస్తే, మాకు వచ్చిన డేగ పేరు ఖతార్ ఇచ్చింది. షాహీన్. 2021 అక్టోబర్. ఆ కథ మన తెలంగాణతోనే మొదలు.

సెప్టెంబర్ 26న గులాబ్ అనే తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. బలం తగ్గి తెలంగాణ, మహారాష్ట్ర మీదుగా నేల మీద నడిచింది. ఊళ్లో చేను మునిగిందని మా తమ్ముడు ఫోన్ చేశాడు. అదే గుజరాత్ వైపు అరేబియా సముద్రంలో పడి, వెచ్చని నీళ్లు తాగి, మళ్లీ లేచింది. నేల మీద చచ్చి మళ్లీ పుట్టింది కాబట్టి కొత్త పేరు. అక్టోబర్ 3న ఒమన్ తీరం. సువైక్, ఖాబూరా వైపు రోడ్లు లేవు, కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. మా క్యాంపులో పరుపులు వారం దాకా ఆరలేదు. తమ్ముడి చేను ముంచిన మబ్బే నా పరుపు తడిపిందని తర్వాత వార్తల్లో చూసి తెలుసుకున్నా.

రిటైర్డ్_సోషల్_సార్ | 10:10
చాలా బాగా చెప్పావు. గులాబ్ పాకిస్తాన్ ఇచ్చిన పేరు, షాహీన్ ఖతార్‌ది. దేశాల పేర్లు ఇంగ్లిష్ అక్షర క్రమంలో వరసగా ఉంటాయి, పాకిస్తాన్ తర్వాత ఖతారే. ఇది బిట్టుకు పనికొస్తుంది, రాసుకోండి. ఉత్తర హిందూ మహాసముద్రంలో పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. మొదటిది ఒనిల్, బంగ్లాదేశ్ ఇచ్చింది. అప్పుడు ఎనిమిది దేశాలు, ఇప్పుడు పదమూడు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన లిస్టులో ఒక్కో దేశానివి 13 చొప్పున 169 పేర్లు. మన దేశం ఇచ్చినవి గతి, తేజ్, మురసు, ఆగ్, వ్యోమ్ లాంటివి, చివరిది వేగ. ఎనిమిది అక్షరాలు మించకూడదు, అదీ ఇంగ్లిష్ స్పెల్లింగులో. రాజకీయం, మతం, ఆడ మగ తేడా తగలకూడదు. ఒకసారి వాడిన పేరు మళ్లీ వాడరు. అట్లాంటిక్‌లో అలా కాదు. ఆరు లిస్టులు తిప్పి తిప్పి వాడతారు, బాగా నష్టం చేసిన పేరు మాత్రం తీసేస్తారు.

పాలమూరు_పోరడు | 10:22
ఇన్ని రూల్స్ పెట్టి చివరికి మిచౌంగ్ అని పెట్టారు. 2023 డిసెంబర్‌లో ఒక పేపర్ మిచౌంగ్, ఇంకో పేపర్ మిగ్‌జాం. మా నాయిన రెండు తుపాన్లు వస్తున్నాయని పత్తి తీయడం ఆపేశాడు.

అలంపూర్_ఆర్టీసీ | అలంపూర్ | 11:05
అన్నీ చదివాను. పేర్ల పురాణం బాగుంది. మా ఊరిని ముంచినదానికి పేరేంటో ఎవరైనా చెప్తారా? 2009 అక్టోబర్ 2. తుంగభద్ర ఒక పక్క, కృష్ణ ఒక పక్క. శ్రీశైలం డ్యాం తట్టుకునేది 19 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 25 లక్షలు అన్నారు. కర్నూలు మునిగింది, అలంపూర్ మునిగింది. మా ఇంట్లో దేవుడి పటాలకు పైన, మిద్దె దూలానికి జానెడు కింద, ఎర్రమట్టి గీత ఉంది. రెండుసార్లు సున్నం వేశాం, మళ్లీ బయటికి వస్తుంది. తీరంలో గాలి లేదు, తుపాను లేదు. వాన ఒక్కటే. అధికారులు అల్పపీడనం అన్నారు, మా అమ్మ ఇప్పటికీ "తుఫాన్ సంవత్సరం" అంటుంది.

కోదాడ_కెనాల్ | కోదాడ | 11:31
మాదీ అంతే. 2024 సెప్టెంబర్ 1. వాయుగుండం మాత్రమే, పేరు లేదు. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. పొలాల్లో ఇసుక మేట. దాని ముందు 2020 అక్టోబర్‌లో కాకినాడ దగ్గర దాటి వచ్చి హైదరాబాద్ కాలనీలను ముంచింది తీవ్ర వాయుగుండం, దానికీ పేరు లేదు. పేరున్నవాటికి టీవీలో మూడు రోజులు గ్రాఫిక్స్ వేస్తారు. పేరు లేకపోతే స్క్రోలింగ్‌లో ఒక లైను.

దవావో_మెడికో | 11:40
అన్నా, పేరున్నవి కూడా మన దాకా వస్తాయి. 2025 అక్టోబర్‌లో మొంథా కోస్తాలో తీరం దాటితే మా దేవరకొండ, డిండి, అచ్చంపేట వైపు కుండపోత. వరంగల్ మునిగింది. వీడియో కాల్‌లో మా నాన్న వాగు చూపిస్తుంటే మాట వినపడలేదు, అంత హోరు.

రిటైర్డ్_సోషల్_సార్ | మధ్యాహ్నం 12:20
అలంపూర్ తమ్ముడి ప్రశ్నకు. పేరు పెట్టేది వానను చూసి కాదు, సముద్రం మీద గాలి వేగాన్ని చూసి. మన వాతావరణ శాఖ లెక్కలో గంటకు 31 కి.మీ. నుంచి వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం. 62కు చేరితేనే తుపాను, అప్పుడే ఢిల్లీ నుంచి పేరు వస్తుంది. 118 చేరితే అతి తీవ్రం. అమెరికాలో అయితే సుమారుగా అక్కడే హరికేన్ మొదలు. 222 దాటితే సూపర్ సైక్లోన్, 1999 ఒడిశాలో చూశాం. ఇంకో మెలిక ఉంది. గాలి సగటును మనం మూడు నిమిషాల మీద తీస్తాం, అమెరికా ఒక నిమిషం మీద, జపాన్ పది నిమిషాల మీద. అందుకని ఒక దేశం అంకెను ఇంకో దేశం అంకె పక్కన పెట్టి ఏది పెద్దదని తేల్చకూడదు.

నేల మీదికి రాగానే ఆవిరి అందదు, గాలి పడిపోతుంది. మన నల్గొండ, పాలమూరు చేరేసరికి మిగిలేది తేమ. అది వేగంగా వెళ్లిపోతే ఒక రోజు ముసురు. ఎక్కడైనా ఆగిందా, వాగులు పొంగుతాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది కూడా బంగాళాఖాతం నుంచి వచ్చినదే. ఆ మూసీ నీళ్లే నల్గొండ జిల్లా అంతా నడిచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి.

బత్తాయి_తోట | నిడమనూరు | సాయంత్రం 4:45
సారూ, నాకు పరీక్షలు లేవు. ఐకేపీ సెంటర్లో వడ్లు పోసి తొమ్మిది రోజులైంది. తేమ 17 రాలేదని కాంటా పెట్టలేదు. ఇప్పుడు వాట్సాప్‌లో తుపాను వస్తుందని, దానికి ఏదో పేరు కూడా పెట్టి తిప్పుతున్నారు. నిజమేనా? మచిలీపట్నం రేవులో మూడో నంబర్ హెచ్చరిక ఎగరేశారట, అది మనకు కూడానా?

రిటైర్డ్_సోషల్_సార్ | 5:10
పేరు వాట్సాప్‌లోవాళ్లు పెట్టేశారు. బులెటిన్‌లో ఇప్పటికి అల్పపీడనమే ఉంది, కాబట్టి పేరు లేదు. లిస్టులో తర్వాత ఏముందో అందరికీ కనిపిస్తుంది, దాన్ని తీసి ముందే తిప్పేస్తారు. మూడో నంబర్ ఓడలకు, పడవలకు. ఒకటి, రెండు దూరపు హెచ్చరిక, మూడు, నాలుగు స్థానికం, ఐదు నుంచి ప్రమాదం, పదకొండు అంటే సమాచార సంబంధాలే తెగిపోయాయని. వడ్లకు దానితో పని లేదు.

మీరు చూడాల్సింది జిల్లా రంగు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే ఇక ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే కదలండి. భారీ వాన అని రాస్తే 24 గంటల్లో 6.45 సెం.మీ. పైన, అతి భారీ అంటే 11.56 పైన, 20.44 దాటితే అత్యంత భారీ.

బత్తాయి_తోట | 5:26
రేపు మధ్యాహ్నం నుంచి నల్గొండకు ఆరెంజ్ చూపిస్తుంది. సెంటర్లో పట్టాలు సగం చిరిగినవే. త్రిపురారం అడ్డరోడ్డు షాపులో కిరాయికి ఇస్తున్నారట, పోతున్నా. కింద నీళ్లు పోకుండా చుట్టూ కాలువ తీయాలి, ఇద్దరు మనుషులు కావాలి. నిడమనూరు వైపు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి.

కోదాడ_కెనాల్ | 5:33
మా బావమరిది హాలియాలో ఉన్నాడు, పంపిస్తా. పట్టా అంచుల మీద రాళ్లు కాదు, ఇసుక బస్తాలు పెట్టు. గాలికి రాళ్లు దొర్లుతాయి.

గద్వాల_గ్రూప్స్ | 5:41
సార్, 6.45 బిట్టు వస్తుందా?